పక్క సీటులో బ్రేకు

ఊరంతా ఆయన్ని మెల్లిగా మాస్టారు అనేది. అసలు పేరు డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఉంది కానీ దాన్ని చదివినవాళ్ళు తక్కువ. స్టీరింగు ముందు కూర్చున్న మనిషి పక్కన కూర్చుని రోజంతా "మెల్లిగా, మెల్లిగా" అనడమే ఆయన ఉద్యోగం. బస్టాండు వెనకాల ఇంకో స్కూలుంది. అక్కడ నేర్పేవాడి నోరు మంచిది కాదు. ఆ కారు ఎక్కేటప్పుడు మనుషుల్లా ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు ఏడుపు మొహాలేసుకుని దిగుతారు. మన మాస్టారి దగ్గర ఆ గొడవ లేదు. తిట్టడం మాట దేవుడెరుగు, గొంతు కూడా పెంచడు. ఇన్నేళ్ళలో ఆయన కారుకి ఒక్క గీత పడలేదు. అందుకే పెద్దవయసువాళ్ళూ, బెరుకున్నవాళ్ళూ, ఒకసారి ఎక్కడో గుద్ది హడలిపోయినవాళ్ళూ ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు.

వాళ్ళకి తెలియని సంగతేమిటంటే, ఆ కారులో అందరికంటే పిరికివాడు మాస్టారే.

ఒకప్పుడు ఆయన లారీ తోలేవాడు. ఆ ఊరు కొండ మీద ఉంటుంది. కిందికి దిగాలంటే మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు ఒక్కటే దారి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి సిమెంటు లోడుతో దిగుతుంటే లారీ బ్రేకు పోయింది. రోడ్డు పనివాళ్ళు పోసిన మట్టి దిబ్బ అడ్డం రాబట్టి బండి అందులోకి దూసుకెళ్ళి ఆగింది. మాస్టారికి గోరు కూడా ఊడలేదు. ఓనరు భుజం తట్టాడు. తోటి డ్రైవర్లు ఇదంతా మామూలేనని చెప్పి టీ తాగించారు. లారీని ఆ సాయంత్రమే మట్టిలోంచి బయటికి లాగారు గానీ, ఈయన గుండెలో దూరిన భయాన్ని మాత్రం ఎవరూ లాగలేకపోయారు. ఘాట్ రోడ్డు పేరెత్తితే చాలు, అరచేతులకి చెమటలు పట్టేవి. లారీ మానేశాడు. కొన్నాళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, చివరికి చదునైన వీధులు చూసుకుని స్కూలు పెట్టుకున్నాడు.

డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందని అందరికీ తెలిసిందే. కింద ఒక కడ్డీ రెండింటినీ కలుపుతుంది. ఇక్కడ నొక్కితే అక్కడి పెడల్ కూడా దిగుతుంది. మిగతా గురువులు కొంప మునిగితే తప్ప దాని జోలికి పోరు. పోయినప్పుడు మాత్రం ధడేల్మని తొక్కి నాలుగు దులుపుతారు. మాస్టారి పద్ధతి వేరు. నేర్చుకునే మనిషి కాలు బ్రేకు వైపు కదిలీ కదలక ముందే ఆయన తన వైపు పెడల్ని సుతారంగా కిందికి దించేవాడు. అప్పుడు ఆయన కళ్ళు కిటికీ బయట ఉండేవి. నోరు వాతావరణం గురించో కూరగాయల ధర గురించో మాట్లాడుతూ ఉండేది. కాలు మాత్రం తన పని తాను చేసుకుపోయేది. కారు నీళ్ళ మీద పడవలా ఆగేది. "చూశారా, ఎంత బాగా ఆపారో!" అనేవాడు మాస్టారు. అవతలి మనిషి మొహం వెలిగిపోయేది. తానే ఆపాననుకునేది పాపం.

ఇందులో మోసం చేద్దామన్న ఆలోచన ఆయనకి లేదు. ఆ మాటకొస్తే ఏ ఆలోచనా లేదు. భయం పుట్టేది, కాలు కదిలేది, అంతే. జనం మెచ్చుకుంటున్నారు, నేర్చుకున్నవాళ్ళకి లైసెన్సులు వస్తున్నాయి. పరీక్ష పెట్టేది చదునైన మైదానంలో. నాలుగు మలుపులు తిరిగి, గీత మీద ఆపితే ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టేస్తాడు. అంత నెమ్మదిగా పోయే బండిని ఎవరైనా ఆపగలరు.

లైసెన్సు వచ్చాక కొందరు ఫోన్ చేసేవారు. "మాస్టారూ, కారు కొన్నామండీ. అన్నీ బాగున్నాయి గానీ బ్రేకు మాత్రం గట్టిగా ఉంది." మాస్టారు నవ్వి, "కొత్త బండి కదండీ, నాలుగు రోజులు పోతే అదే దారికొస్తుంది" అనేవాడు. తర్వాత వాళ్ళు ఫోన్ చేసేవారు కాదు. దారికొచ్చి ఉంటుందని ఈయన అనుకునేవాడు.

ఆయన భార్య ఊళ్ళోని క్లినిక్‌లో నర్సు. చేతి చలవ ఉన్న మనిషి. ఆవిడ సూది వేస్తే పిల్లలు కూడా ఏడవరని పేరు. చాలా ఏళ్ళ క్రితం క్లినిక్ వాళ్ళు ఒకరిని పెద్ద శిక్షణకి పంపాలనుకున్నప్పుడు అందరూ ఆవిడ పేరే అనుకున్నారు. తీరా చూస్తే వేరే అమ్మాయిని పంపారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఈవిడ అడగనూ లేదు. అప్పటినుంచి ఆవిడకో ఊతపదం అంటుకుంది. ఏ కొత్త పని ఎదురొచ్చినా, "నాకంత తెలివి లేదులెండి" అని పక్కకి తప్పుకునేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు ఏమంత బాగుండేది కాదు.

మొన్నామధ్య క్లినిక్ వాళ్ళు కొండ కింద ఒక చిన్న శాఖ తెరిచారు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకి తిరగడానికి ఒక నర్సు కావాలి, కారు ఆవిడే నడుపుకోవాలి. "ఎవరికి డ్రైవింగ్ వచ్చు?" అని కొత్త డాక్టరమ్మ అడిగింది. మాస్టారి భార్య చెయ్యెత్తేసింది. స్టీరింగు ముట్టుకుని ఎరగని మనిషి! ఏ ధైర్యంతో ఎత్తిందో ఆవిడకే తెలియదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, "ఏమండీ, నాకు కారు నేర్పాలి మీరు. లేకపోతే నా పరువు పోతుంది" అంది.

నేర్పాడు. ఎంతమందికి నేర్పినా ఆయన కాలు ఎన్నడూ అంత జాగ్రత్తగా పనిచేయలేదు. సొంత పెళ్ళాం కదా! ఆవిడ మొదటిసారికే పరీక్ష నెగ్గింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి లైసెన్సు మీది ఫోటోని, తన మొహాన్ని మార్చి మార్చి చూసుకుంది.

సరిగ్గా ఆ వారంలోనే మాస్టారు స్కూలు కారుని రిపేరుకి ఇచ్చాడు. మెకానిక్ వేరెవరో కాదు, స్వయానా బావమరిది. కారు కింది నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, తొడుక్కున్న చొక్కాకే చేతులు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు.

"బావా, ఇదేం చోద్యం? నేర్చుకునేవాళ్ళ వైపు బ్రేకు రబ్బరు కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. నీ వైపుది చూడు, అరిగి అరిగి గుండులా తయారైంది."

"అయితే ఏంట్రా?"

"ఏంటంటావేంటి? ఇంతమందికి లైసెన్సులు ఇప్పించావు గానీ, బండి నడిపిందంతా నువ్వేనన్నమాట!"

మాస్టారు కూడా నవ్వాడు. నవ్వుతూనే వంగి ఆ రెండు రబ్బర్లూ చూశాడు. ఒకటి గళ్ళు గళ్ళుగా నిగనిగలాడుతోంది. రెండోదాని మీద గళ్ళ ఆనవాలే లేదు. ఏదో మనసులో మెదిలింది కానీ అదేమిటో పట్టుకోలేదు. పట్టుకోవాలని అనిపించనూ లేదు. కొత్త రబ్బరు వెయ్యమని చెప్పి ఇంటికి నడిచాడు.

ఆ సాయంత్రం భార్య క్లినిక్ కారు నడుపుకుంటూ ఇంటికొచ్చింది. వీధి నిండా మనుషులూ బళ్ళూ ఉంటే నడిచేవాళ్ళతో సమానంగా వచ్చి, గేటు ముందు ఆపి, హారన్ మోగించింది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కూతురు ఎదురెళ్ళి అమ్మని కావలించుకుని గిరగిరా తిప్పింది. మాస్టారు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తెల్ల కారు. పక్క సీటు దగ్గర ఖాళీ నేల, దాని మీద కొత్త చాప.

"రేపటి నుంచే కిందికి," అంది ఆవిడ ఊపిరి తీసుకుంటూ. "అన్నట్టు ఏమండీ, ఈ బండికి బ్రేకు గట్టిగా ఉందండీ. మన కారుదైతే ఇలా పాదం ఆనిస్తే చాలు, దానంతటదే కిందికి దిగుతుంది. ఇదేంటో మొండికేస్తోంది. తమ్ముడికి చూపించమంటారా?"

మాస్టారు ఆవిడ కాళ్ళ వైపు చూశాడు.

ఇన్నేళ్ళూ ఫోన్లలో విన్న మాటే. ఇప్పుడు ఇంటి గుమ్మంలో, సొంత మనిషి నోట వినేసరికి అది ఏమి చెబుతోందో ఒక్కసారిగా అర్థమైంది. దానంతటదే దిగుతుందిట! ఈవిడ కాలికి తెలిసిందంతా అదే. పాదం అలా ఆనించి ఎదురుచూడటం. మధ్యాహ్నం చూసిన ఆ గళ్ళ రబ్బరు మీద ఈవిడ బరువు ఎన్నడూ పడలేదు. ఈవిడదే కాదు, ఎవరి బరువూ పడలేదు. కొత్త కారుతో సొంత ఇంటి గేటునే గుద్దిన టైలరు గుర్తొచ్చాడు. డివైడరు ఎక్కేసిన బ్యాంకు ఉద్యోగిని గుర్తొచ్చింది. పరధ్యానం, దూకుడు అని అప్పట్లో వాళ్ళనే తప్పుపట్టాడు. వాళ్ళకి జరిగింది చదునైన రోడ్డు మీద కాబట్టి సరిపోయింది. ఈవిడ దిగబోయేది ఘాట్ రోడ్డు.

"ఏంటండీ, అలా చూస్తున్నారు?"

"ఏం లేదు. ఇప్పుడే వస్తా," అని చెప్పులేసుకుని తిన్నగా బావమరిది షెడ్డుకి పోయాడు.

"ఒరేయ్, ఆ క్లినిక్ కారుకి పక్క సీట్లో ఒక బ్రేకు పెట్టగలవా? ఇప్పటికిప్పుడు?"

"వాళ్ళ బండికా? చెప్పకుండా చెయ్యేస్తే నన్ను స్టేషన్లో కూర్చోబెడతారు బావా. అయినా ఎందుకు? అక్కకి బాగానే వచ్చిందన్నావుగా?"

మాస్టారు స్టూలు మీద కూలబడి మొత్తం చెప్పాడు. చెబుతూ మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగాడు. బావమరిది మొహంలో మధ్యాహ్నపు నవ్వు పత్తా లేదు.

"చెప్పెయ్ బావా. ఇంటికెళ్ళి అక్కకి ఉన్నదున్నట్టు చెప్పెయ్."

"చెబితే అది జన్మలో బండెక్కదురా. నీకు తెలీదు, దానికి ఈ ఉద్యోగమంటే..."

"చెప్పకపోతే?"

మాస్టారు స్టూలు మీంచి లేచాడు. చెప్పడానికి ఏముంది గనక! చెబితే ఆవిడ ధైర్యం పోతుంది, చెప్పకపోతే ప్రాణమే పోవచ్చు. ఏ మనిషికైనా ఏది ఎంచుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. కానీ భయపడేవాడి లెక్క వేరుగా ఉంటుంది. రేపటి ప్రమాదం కంటే ఇవాళ ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటే వాడికి ఎక్కువ భయం.

ఇంటికొచ్చేసరికి ఆవిడ తన తెల్ల కోటు ఇస్త్రీ చేసుకుంటోంది. ఆయన వంటింట్లోకి వెళ్ళాడు, వచ్చాడు, కుర్చీ జరిపాడు, మళ్ళీ దాన్ని మొదట ఉన్నచోటే పెట్టాడు.

"నీతో ఓ మాట..."

"నేనూ మీకోటి చెప్పాలి," అంది ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి. "నా జన్మకి ఎవరి సాయం లేకుండా నేను నెగ్గింది ఇదొక్కటేనండీ. మీరు నేర్పారనుకోండి, ఎవరైనా నేర్పాల్సిందేగా. కానీ ఆ ఇన్‌స్పెక్టరు ముందు కాలూ చెయ్యీ ఆడించింది నేనే కదా! ఇన్నాళ్ళూ నేను దేనికీ పనికిరాననుకున్నాను. ఇప్పుడు అలా అనిపించట్లేదు. సరే, మీరేంటో అంటున్నారు?"

మాస్టారు అనబోయిన మాట మింగేశాడు.

"రేపు నేనూ వస్తాను నీతో. కింద దాకా."

"మొదటి రోజు ఒక్కదాన్నే వెళ్దామనుకున్నానే!"

"ఒక్కరోజు. ఇంకోటి... బ్రేకు కాస్త గట్టిగా నొక్కు."

ఆవిడ పడీ పడీ నవ్వింది. "ఇన్నాళ్ళూ మెల్లిగా మెల్లిగా అని నన్ను చంపి, ఇప్పుడు గట్టిగానా? అమ్మాయ్, మీ నాన్న మాట మార్చేశారే!"

ఆ రాత్రి ఆయనకి కంటిమీద కునుకు పడలేదు. పొద్దున్నే లేచి చూస్తే సన్నగా తుంపర. వర్షమని చెప్పి ప్రయాణం ఆపిద్దామా అనుకున్నాడు. కాస్త ఒంట్లో బాగాలేదని పడుకుంటే సరిపోదా అని కూడా అనుకున్నాడు. ఇలాంటి సాకులు ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. ఈసారి మాత్రం ఒక్కటీ నోటిదాకా రాలేదు. ఆవిడ అప్పటికే తయారై, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ గేటు దగ్గర నిలబడి ఉంది.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. రోడ్డు చదును, బళ్ళు తక్కువ. ఆవిడ మెల్లిగానే నడుపుతోంది. మాస్టారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఘాట్ మొదలయ్యే చోట "హారన్ మోగించండి" అన్న బోర్డు దాటగానే కారు ముక్కు కిందికి వాలింది. ఒక పక్క తడిసిన కొండరాయి. రెండో పక్క నడుం ఎత్తు పిట్టగోడ, దానవతల పొగమంచు. కింద ఎంత లోతుందో కనబడటం లేదు. కనబడక్కర్లేదు కూడా, మాస్టారికి ఆ లోతు కంఠోపాఠం.

"చెప్పేయాలి, ఈ మలుపు దాటగానే చెప్పేయాలి" అనుకున్నాడు. ఆ మలుపు దాటింది. తర్వాతి మలుపు దాటాక అనుకున్నాడు. వాలు పెరుగుతోంది, దాంతోపాటు బండి వేగమూ పెరుగుతోంది. ఆవిడ పెదవి కొరుక్కుంటూ రోడ్డు మీదే చూపు నిలిపింది.

మూడో మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక ట్యాంకరు ఆగిపోయి ఉంది. చెడిపోయినట్టుంది, చక్రాల కింద రాళ్ళు పెట్టారు. రోడ్డుకి అడ్డంగా సగం అదే ఉంది.

మాస్టారి కాలు కదిలింది. ఇన్నేళ్ళ అలవాటు. పాదం ముందుకు చాచి, సుతారంగా, కింద ఉన్న చాపని నొక్కాడు. నొక్కి ఊరుకున్నాడు! అసలైన ఘోరం అదే. ఆ క్షణంలో "నొక్కు" అని ఒక్క కేక పెట్టి ఉంటే సరిపోయేది. కానీ ఆయన ఒంటికి తన పని అయిపోయిందనే తెలుసు. బండి ఆగుతుందని నమ్మి, నోరు మూసుకుని, ట్యాంకరు వెనక భాగం పెద్దదవుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడా పాదం ఆనించింది. ఆనించి, అది దిగడం కోసం ఎదురుచూసింది. దిగలేదు.

"ఏమండీ, బ్రేకు... బ్రేకు పడట్లేదండీ!"

పై ప్రాణాలు పైనే పోయాయి ఇద్దరికీ. మాస్టారు ఇంకా నేలనే తొక్కుతున్నాడు, ఈసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి. ఆవిడ సీట్లోంచి లేచిపోయినట్టుగా రెండు కాళ్ళూ ఎత్తి పెడల్ మీద వేసింది. టైర్లు కీచుమన్నాయి. బండి తడి రోడ్డు మీద పక్కకి జారి, ట్యాంకరుని తప్పించుకుని, పిట్టగోడ వైపు తిరిగి, బంపరు గోడకి ఆనీ ఆనకుండా ఆగింది. ఇంజను ఆరిపోయింది.

వైపర్లు ఆడుతూనే ఉన్నాయి. ట్యాంకరు డ్రైవరు పరుగెత్తుకొచ్చి అద్దంలోంచి తొంగిచూసి, ఇద్దరూ బతికే ఉన్నారని తేల్చుకుని, తల కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆవిడ ముందు తేరుకుంది. తల తిప్పి భర్తని చూసింది. మొహం కాదు, కాలు చూసింది. అది ఇంకా చాపని అదిమి పట్టే ఉంది.

"ఏం తొక్కుతున్నారు మీరు?"

ఆయన కిందికి చూసుకున్నాడు.

"అక్కడేముందని తొక్కుతున్నారండీ?"

అప్పుడు చెప్పాడు. కడ్డీ సంగతి, రబ్బర్ల సంగతి, ఫోన్ల సంగతి, మన కారు బ్రేకు దానంతటది ఎందుకు దిగేదో ఆ సంగతి. నీకేమైనా అవుతుందేమోనని భయమేసిందే, అంతకు మించి ఏమీ లేదు, అని చెప్పాడు. నిన్న సాయంత్రమే తెలిసింది, చెబుదామనే వచ్చాను, నోరు రాలేదు, అన్నాడు. ఆవిడ చివరిదాకా విన్నది.

"ఇదొక్కటేనా?" అంది.

"అంటే?"

"నాకు తెలియకుండా మీరు నొక్కింది ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా?"

ఒక్కటే అనేస్తే సరిపోయేది. ఆవిడ నమ్మేది కూడా. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయి, వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మాస్టారు వాటినే చూస్తూ నోరు విప్పాడు.

"ఆ శిక్షణ... అప్పుడు మీ పెద్ద డాక్టరు గారు నిన్ను అడుగుదామని మనింటికి వచ్చారు. నువ్వింట్లో లేవు. వారం వారం ఈ ఘాట్ దిగి ఎక్కాలన్నారు, అదీ బస్సులో. నాకు గుండె ఆగినంత పనైంది. నీకు కళ్ళు తిరుగుతాయని, అంత శ్రమ పడలేవని, నువ్వే వద్దనుకుంటున్నావని... నేనే చెప్పాను."

తుంపర అద్దం మీద పడుతోంది. ఆవిడ చెయ్యి చాచి వైపర్లు ఆపింది.

"నాకు తెలివి లేదని పంపలేదనుకున్నాను," అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఎన్నేళ్ళు అనుకున్నానండీ అలా? మీ పక్కనే కూర్చుని అనేదాన్ని కదా. వినేవారు కదా మీరు!"

మాస్టారికి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా భయపడ్డాడు.

"దిగండి."

"ఏంటీ?"

"బండి దిగండి. నాకు పనికి టైమవుతోంది."

"కోపంలో నడపకే, నీ కాళ్ళు పట్టుకుంటా. వర్షం, ఇంకా ఎన్ని మలుపులున్నాయో నీకు తెలీదు. ఇక్కడే పక్కన పెట్టేద్దాం, మీ తమ్ముణ్ణి పిలుస్తాను..."

"భయం వేస్తోంది నాకూ. చూడండి, చేతులెలా వణుకుతున్నాయో. మీరు పక్కనుంటే ఇంకా వణుకుతాయి. దిగండి."

దిగాడు. ఆవిడ ఇంజను ఆన్ చేసి, జాగ్రత్తగా వెనక్కి తీసి, నిలబడ్డచోటే బ్రేకుని రెండుసార్లు బలంగా తొక్కి చూసుకుంది. ట్యాంకరు పక్కనుంచి మెల్లగా దాటి మలుపు తిరిగింది.

మాస్టారు పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాడు. కింద మంచు కాస్త విడింది. దారి మడతలు మడతలుగా కనబడుతోంది. తెల్ల కారు ఒక మడతలోంచి బయటికొచ్చింది. మలుపు ముందు దాని వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. అంటే నొక్కింది. ఆయన ఊపిరి వదిలాడు. తర్వాతి మలుపు దగ్గరా వెలిగాయి. ఆ తర్వాత ఒక వంపులో వెలగలేదు. మాస్టారు గోడ పట్టుకుని "అమ్మో" అని పైకే అరిచాడు. కానీ కారు ముందే నెమ్మదించి ఉంది, నిమ్మళంగా వంపు తిరిగిపోయింది. ఆ తర్వాత చెట్ల చాటున ఇంక కనబడలేదు.

ఆయన నడుచుకుంటూ కిందికి దిగాడు. వెనక నుంచి వచ్చిన బస్సు ఆపి ఎక్కవచ్చునన్న ఆలోచన కూడా రాలేదు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, పిట్టగోడ ఎక్కడైనా విరిగిందేమోనని వెతికాడు. తడి రోడ్డు మీద టైరు జారిన గుర్తు ఏది కనబడినా వంగి చూసేవాడు. చిట్టచివరి మలుపు కూడా దాటి, గోడంతా క్షేమంగా ఉందని తెలిశాక కూడా నడక వేగం తగ్గించలేదు.

క్లినిక్ శాఖ రోడ్డు పక్కనే ఉంది. రెండు గదులు, ముందు రేకుల పంచ. తెల్ల కారు పంచ ముందు గీత గీసినట్టు తిన్నగా ఆగి ఉంది. మాస్టారు తడిసిన బట్టలతో దాని పక్కన నిలబడ్డాడు. కాసేపటికి ఆవిడ మందుల సంచీ భుజాన వేసుకుని, ఎవరి ఇంటికో బయల్దేరుతూ బయటికొచ్చింది. ఆయన్ని చూసింది. ఆశ్చర్యపోలేదు.

"అమ్మాయిని ఆ దూరపు కాలేజీకి పంపుదామంటే హాస్టల్లో గదులు లేవన్నారు మీరు," అంది నెమ్మదిగా. "బండి నడుపుతుంటే గుర్తొచ్చింది. గదులు లేవా, మీరు అడగలేదా?"

మాస్టారు తల వంచుకున్నాడు.

"దాని ఏడుపు నాకింకా గుర్తుంది. తనకి మార్కులు చాలకే హాస్టల్లో గది ఇవ్వలేదని అనుకుంటోందది." ఆవిడ కారు తలుపు తీసింది. "అది మాత్రం నేను చెప్పను. సాయంత్రం నేను వచ్చేలోపు మీరే చెప్పండి."

కారు వెళ్ళిపోయింది. మాస్టారు బస్సు స్టాపులో నిలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, దిగారా? అమ్మ ఎలా నడిపింది?"

"బాగా నడిపిందమ్మా. చాలా బాగా నడిపింది."

"చూశావా! నువ్వే ఊరికే హడలిపోతావు. సరే ఉంటా, క్లాసుంది."

"అమ్మా," అన్నాడు. బస్సు వస్తోంది, ఆగమని చెయ్యెత్తాడు. "సాయంత్రం ఎక్కడికీ వెళ్ళకు. నీకొక విషయం చెప్పాలి. నీ కాలేజీ గురించి."

అవతల నవ్వు ఆగిపోయింది.

"ఏంటి నాన్నా? భయపెట్టకు. ఇప్పుడే చెప్పు."